అద్దం చప్పుడు: మిర్రర్‌లెస్‌కు మారే ముందు నేను వేసుకున్న లెక్క

మాఘమాసంలో ఒక పెళ్లి. తెల్లవారుజామున నాలుగున్నర అయింది. అప్పగింతలు జరుగుతున్నాయి. వాయిద్యాలు ఆగిపోయాయి. పళ్లెంలో పాలు పోసి, పెళ్లికూతురి చేతులు అందులో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతున్నారు. తల్లి తల వంచుకుని, కూతురి గాజులను ఒక్కొక్కటిగా వేలితో వెనక్కి జరుపుతోంది. పాలు అంటకుండా అని కాదు, ఆ చేతిని ఇంకాసేపు వదలకుండా ఉండడానికి. నేను ఆరడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని మీట నొక్కాను.

కెమెరాలో అద్దం లేచి పడిన చప్పుడుకు ఆవిడ ఉలిక్కిపడి తలెత్తింది. నన్ను చూసింది. చెంగుతో ముఖం కప్పుకుంది. ఆ చేయి మళ్లీ గాజుల మీదికి రాలేదు.

ఒక్క ఫొటో దక్కింది. మంచి ఫొటోనే. కానీ దాని తరువాత రావలసినవి ఏమయ్యాయన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. పదిహేడేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఆ రోజు ఆ తల్లికీ బిడ్డకూ మధ్యకు నేను వెళ్లాననిపించింది.

మాది రాజమహేంద్రవరం. స్టూడియో నాన్నగారు పెట్టింది. నా దగ్గర అప్పటికి రెండు నికాన్ డి750 కెమెరా బాడీలు ఉన్నాయి. ఒకటి 2015లోనూ, రెండోది 2017లోనూ కొన్నాను. 24-70, 70-200 లెన్సులు రెండూ ఎఫ్2.8వి. ఇవి కాక నాన్నగారి 85 ఎమ్ఎమ్ ఎఫ్1.8డి లెన్సు ఉంది. ముఖాలకు అంతకంటే ఇష్టమైన లెన్సు నాకు లేదు. డి750లో చప్పుడు తగ్గించే పద్ధతి ఒకటి ఉన్న మాట నిజమే. కానీ అద్దం కదలక తప్పదు కాబట్టి చప్పుడు మెత్తబడుతుందే తప్ప పోదు.

అప్పటికే ఏడాదిగా పెళ్లివారు మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న అడుగుతున్నారు: “మీ దగ్గర మిర్రర్‌లెస్ ఉందా అండీ?” మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కెమెరా. ఆ ప్రశ్న వింటే నాకు చిరాకు కలిగేది. డి750 ఇచ్చే ఫొటో 24 మెగాపిక్సెళ్లది. నేను కొనాలనుకున్న నికాన్ మిర్రర్‌లెస్, జెడ్6 రెండో తరం కెమెరా ఇచ్చేదీ దాదాపు అంతే. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు మీద అచ్చు వేశాక, ఏ ఫొటో ఏ కెమెరాతో తీసిందో చెప్పడం నా వల్ల కూడా కాదు. కొత్తది కదా అని లక్షలు పోయడం నాకు సమ్మతం కాదు. అలాగని ఆ తల్లి చెంగు కళ్ల ముందు నుంచి పోవడమూ లేదు.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. ఒక సాయంత్రం నాన్నగారి దగ్గర ఈ మాట ఎత్తాను. ఆయన కౌంటరు దగ్గర కూర్చుని అంతా విని, “పోయిన ఫొటోలు ఎన్నిరా? ఎందుకు పోయాయి? ముందు అది చెప్పు. పెట్టె సంగతి తరువాత చూద్దాం” అన్నారు.

ఫిల్ము రోజుల్లో ఆయన ఒక పుస్తకం రాసేవారు. ఒక్కో రోలుకు 36 ఫొటోలు. కడిగిన తరువాత ఏవి చెడిపోయాయో, ఎందుకు చెడిపోయాయో గళ్లు గీసి వేసేవారు. కళ్లు మూసుకున్నారు, ఫ్లాష్ అందలేదు, చేయి కదిలింది, ఎవరో అడ్డం వచ్చారు. ఆ పాత పుస్తకం బీరువాలోంచి తీసి నా ముందు పెట్టారు. నేనూ ఒక పుస్తకం కొని అలాగే గళ్లు గీశాను. గత సీజనులో తీసిన మూడు పెళ్లిళ్ల ఫొటోలలో నేను పక్కన పడేసినవన్నీ మళ్లీ తెరిచాను. వారం రోజులు పట్టింది.

ఎక్కువ భాగం కళ్లు మూసుకున్నవి, ఎవరో అడ్డం వచ్చినవి. ఏ కెమెరా కొన్నా ఇవి ఉంటాయి. వెలుతురు తప్పినవి చాలా తక్కువ. ఇన్నేళ్ల అలవాటు కదా. అసలు విషయం ఫోకస్ గడిలో తేలింది. అనుకున్నదానికంటే అది చాలా పెద్దదిగా ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఆ చెడిపోయినవన్నీ రెండే చోట్ల కుప్పపడ్డాయి. మొదటిది, 85 లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని బాగా తెరిచి తీసినవి. రెండోది, మనిషి ఫ్రేము అంచున ఉన్నవి.

ఎందుకో తెలియాలంటే కెమెరా లోపలికి వెళ్లాలి. డీఎస్ఎల్ఆర్‌లో, అంటే డి750 లాంటి అద్దం ఉన్న డిజిటల్ కెమెరాలో, లెన్సులోంచి వచ్చిన వెలుతురు వాలుగా ఉన్న అద్దానికి తగిలి పైకి వెళ్లి, పట్టకంలో తిరిగి మన కంటికి చేరుతుంది. అద్దం మధ్యభాగం కాస్త వెలుతురును తన గుండా పోనిస్తుంది. వెనక ఇంకో చిన్న అద్దం దాన్ని కిందికి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సరు మీదికి మళ్లిస్తుంది. ఫొటో పడేది మాత్రం వెనకనున్న అసలు సెన్సరు మీద. అంటే కొలిచేది ఒక చోట, రాసేది ఇంకో చోట. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా, కంటి మీద పడాల్సిన పదును చెవి మీద పడుతుంది. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు. ఆ పద్ధతిలోనే ఉన్న ఇబ్బంది. అందుకే కెమెరాలో లెన్సుకు తగినట్టు ఫోకస్‌ను ముందుకో వెనక్కో సరిచేసుకునే వీలు పెట్టారు.

దిన పత్రికను గోడకు ఏటవాలుగా ఆనించి, 85 లెన్సుతో మధ్య వరుస మీద ఫోకస్ పెట్టి తీసి చూశాను. మధ్య వరుసలో అక్షరాలు మసకగా ఉన్నాయి. దానికి రెండు వరుసల వెనకనున్న ధరల పట్టిక మాత్రం పదునుగా ఉంది. ఒక బాడీకి ఆ సవరణ మైనస్ 7 పెడితే సరిపోయింది. రెండో బాడీకి అదే లెన్సు పెడితే మైనస్ 2 చాలింది. ఇన్నేళ్లుగా ఈ పని ఇంత ఓపికగా ఎప్పుడూ చేయలేదు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. కెమెరా మార్చాలని ఆలోచిస్తున్నవారు ఎవరైనా ముందు ఈ పని చేసి చూడాలని గట్టిగా చెబుతాను.

రెండో కుప్పకు మాత్రం మందు లేదు. డి750లో ఫోకస్ బిందువులు 51. అవన్నీ ఫ్రేము మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. పెళ్లికూతురు ఫ్రేము అంచున, దీపం మధ్యలో ఉండాలనుకుంటే, ముందు ఆమె ముఖం మీద ఫోకస్ పట్టుకుని, తరువాత కెమెరాను పక్కకు తిప్పాలి. ఆ తిప్పడంలోనే పదును జారిపోతుంది. మిర్రర్‌లెస్‌లో ఫొటో పడే సెన్సరే ఫోకస్‌నూ కొలుస్తుంది. కొలిచే చోటూ రాసే చోటూ ఒకటే. జెడ్6 రెండో తరంలో 273 బిందువులు ఫ్రేములో దాదాపు తొంభై శాతం మేర పరుచుకుని ఉంటాయి.

ఇంత తెలిశాక కూడా కొనలేదు. శ్రావణంలో అన్నవరంలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. దానికోసం జెడ్6 రెండో తరం బాడీనీ, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌నూ రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. అడాప్టర్ అంటే పాత లెన్సులను కొత్త కెమెరాకు బిగించే, లోపల గాజు ఏమీ లేని వట్టి కంకణం. నికాన్ పాత ఎఫ్ మౌంట్‌లో లెన్సు బిగించే చోటి నుంచి సెన్సరు దాకా 46.5 మిల్లీమీటర్లు. కొత్త జెడ్ మౌంట్‌లో అద్దానికి చోటు అక్కర్లేదు కనుక అది 16 మిల్లీమీటర్లే. మిగిలిన 30.5 మిల్లీమీటర్లను ఈ కంకణం భర్తీ చేస్తుంది. అందుకే నా పాత లెన్సుల నాణ్యత ఏమాత్రం తగ్గదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే “లెన్సులన్నీ మార్చాలేమో” అన్న భయం నాకు ఏడాది ముందే తీరేది.

రత్నగిరి మీద రాత్రి ముహూర్తం. మా కుర్రాడు ఒక డి750 పట్టుకున్నాడు. రెండోది నా భుజాన, అద్దె కెమెరా చేతిలో.

గౌరీపూజ దగ్గరే నాకు సగం సమాధానం దొరికింది. పెళ్లికూతురు పీట మీద కూర్చుని పసుపు గౌరమ్మకు కుంకుమ పెడుతోంది. కుందిలో దీపం తప్ప ముఖం మీద వేరే వెలుతురు లేదు. నేను ఆమెను ఫ్రేము ఎడమ అంచుకు జరిపాను. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్లో పసుపు గీతల చిన్న పెట్టె ఒకటి ఆమె కంటి మీద వాలింది. ఆమె తల వంచితే దానితోపాటు వంగింది. వత్తి సర్దడానికి పక్కకు తిరిగితే అదీ తిరిగింది. దీపం వెలుగు బుగ్గ మీద ఎంత పడుతుందో, ముక్కుపుడక ఎక్కడ మెరుస్తుందో మీట నొక్కకముందే కనిపిస్తోంది. తీసి, తెర చూసుకుని, మార్చుకుని, మళ్లీ తీసే పని లేదు. మా కుర్రాడు వెనక నుంచి తొంగిచూసి, “అన్నయ్యా, అన్నీ పడ్డాయి” అన్నాడు. నిజమే, అన్నీ పడ్డాయి.

జీలకర్రా బెల్లం దగ్గర మాత్రం ఇబ్బంది పెట్టింది. అడ్డుతెర మధ్యలో ఉంది. ఇద్దరి ముఖాలూ సగం సగమే కనిపిస్తున్నాయి. నుదుట బాసికాలు, వాటి దారాలు. ఆ పసుపు పెట్టె పంతులుగారి కంటి మీదికి పోయింది. వెనక్కి తెచ్చాను. మళ్లీ పెళ్లికూతురి మేనమామ దగ్గరికి పోయింది. ముహూర్తం మన కోసం ఆగదు. ఆ క్షణంలో భుజాన ఉన్న డి750 అందుకుని, ఏళ్లుగా చేస్తున్నట్టే మధ్య బిందువుతో తీశాను. కెమెరాకు కళ్లు గుర్తుపట్టడం తెలుసు. ఈ పెళ్లి ఎవరిదో తెలియదు. వేలితో పెట్టెను ముఖాల మధ్య మార్చే మీట అలవాటు కావడానికి నెలయినా పడుతుందని అప్పుడే అర్థమైంది. తలంబ్రాల దగ్గర ముఖాల ముందు బియ్యం ఎగురుతున్నా ఎక్కువసార్లు కంటినే పట్టుకుంది. అన్నిసార్లూ కాదు.

వేదిక మీద బంధువుల గ్రూపు ఫొటోల దగ్గర ఇంకో సమస్య వచ్చింది. ఫ్లాష్ పెట్టి, దానికి తగ్గ సెట్టింగులు చేసి కన్ను ఆనిస్తే వ్యూఫైండరంతా చీకటి. ఫ్లాష్ వెలగబోతోందని ఆ తెరకు తెలియదు. ఉన్న వెలుతురుకు ఫొటో ఎలా వస్తుందో అలాగే చూపిస్తోంది. పెద్దవాళ్లు కుర్చీల్లో, చుట్టూ పదిహేను మంది వేదిక మీద సర్దుకుని నిలబడి ఉన్నారు. నేను మెనూలు వెతుక్కుంటున్నాను. సెట్టింగుల ప్రభావం తెర మీద కనిపించకుండా చేసే మార్గం మెనూలోనే ఉంది. అది తెలియకపోతే నాలాగే నిలబడాలి. అద్దెకు తెచ్చుకున్నవారు ముందు రోజు ఇంట్లో ఫ్లాష్ పెట్టి చూసుకుంటే ఈ అవస్థ ఉండదు.

ఇక నేను దేనికోసం తెచ్చానో ఆ అప్పగింతలు. బొత్తిగా చప్పుడు లేని పద్ధతి పెట్టాను. మీట నొక్కినట్టు నాకే తెలియడం లేదు. పెళ్లికూతురి తండ్రి పక్కనే ఉన్నా ఆయనకు నేను ఉన్నట్టే తెలియలేదు. చాలా ఆనందపడ్డాను. ఇరవై దాకా తీశాక వెనక తెరలో చూసుకుంటే గుండె జారిపోయింది. ప్రతి ఫొటోలోనూ అడ్డంగా నల్లటి చారలున్నాయి. ఆయన తెల్ల చొక్కా మీద అవి మరీ స్పష్టంగా కనిపించాయి.

కారణం దీపాలు. అలంకరణకు వాడే ఎల్‌ఈడీ దీపాలు కొన్ని మన కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. చప్పుడు లేని పద్ధతిలో సెన్సరు ముందుండే షట్టరు తెర కదలదు. సెన్సరు పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ వస్తుంది. దీపం ఆరిన క్షణంలో చదివిన వరుసలు నల్లబడతాయి. పైగా ఆ పద్ధతిలో ఫ్లాష్ కూడా వెలగదు.

వెంటనే మామూలు మెకానికల్ షట్టరుకు మార్చి, వేగం సెకనులో వందో వంతుకు దించాను. మన కరెంటు 50 సైకిళ్లది కాబట్టి దానితో నడిచే దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఆ వేగం దగ్గర చారలు పోయాయి. చప్పుడు వచ్చింది. కానీ అద్దం లేచి పడే చప్పుడు కాదు, తెర కదిలే చిన్న ‘చిక్’ మాత్రమే. ఆ తండ్రి కండువాతో కళ్లు తుడుచుకుంటూ ఉన్నంతసేపూ తొమ్మిది ఫొటోలు తీశాను. ఆయన తల తిప్పలేదు.

తెల్లవారేసరికి అద్దె కెమెరాకు మూడు బ్యాటరీలు మార్చాను. కంపెనీ లెక్క ప్రకారం డి750 ఒక ఛార్జింగుకు 1230 ఫొటోలు తీస్తుంది. జెడ్6 రెండో తరం వ్యూఫైండర్‌తో 340. పెళ్లిలో వరసగా తీస్తాం కాబట్టి అంతకంటే చాలా ఎక్కువే వచ్చాయి. అయినా తేడా తేడానే. నా పాత బ్యాటరీలు ఇందులోనూ పట్టడం మాత్రం పెద్ద ఊరట. లెన్సు మార్చేటప్పుడు సెన్సరు బయటికే కనిపిస్తుంది. ముందు అడ్డంగా అద్దం లేదు కదా. హోమం పొగ, అక్షతల పసుపు ఉన్న చోట లెన్సు తీయకూడదని ఆ రాత్రే నియమం పెట్టుకున్నాను.

ఇంకొకటి చెప్పాలి. డి750 వ్యూఫైండర్లో నేను చూసేది మనిషిని. గాజులోంచి వచ్చిన అదే వెలుతురు, అదే క్షణం. మిర్రర్‌లెస్‌లో చూసేది చిన్న తెర మీద మనిషి బొమ్మను. తెల్లవారుజాము మూడు దాటేసరికి నా కుడి కన్ను వేడెక్కింది. అది అలవాటవుతుందని అందరూ అన్నారు. కొంత అలవాటయింది కూడా. అయినా నా మనసు నేటికీ ఆ గాజులోంచి చూడడానికే మొగ్గుతుంది. అందులో చూస్తూ ఏడ్చిన పెళ్లిళ్లు ఉన్నాయి నాకు.

అద్దె కెమెరా తిరిగి ఇవ్వడానికి ఇంకా ఒక పూట ఉంది. నాన్నగారి 85 లెన్సు అడాప్టర్‌కు బిగించి చూశాను. ఈ లెన్సులో మోటారు లేదు. డి750 లాంటి బాడీలో మౌంట్ దగ్గర ఒక చిన్న మొన ఉంటుంది. అది స్క్రూడ్రైవర్‌లా లెన్సు లోపలి గాడిలో కూర్చుని తిప్పుతుంది. నేను తెచ్చిన అడాప్టర్‌లో ఆ మొన లేదు. దాని తరువాత వచ్చిన రెండో రకంలోనూ లేదు. అంటే ఆటో ఫోకస్ పోయింది, చేత్తో తిప్పుకోవలసిందే. నాకు ఇదే అన్నిటికంటే కష్టం కలిగించింది.

నాన్నగారు చేయి చాచి కెమెరా తీసుకున్నారు. కంటి ఆపరేషన్ తరువాత ఆయన ఫొటోలు తీయడం మానేశారు. ఫోకస్ కుదిరిందో లేదో కనబడడం లేదనేవారు. వ్యూఫైండర్లోనే బొమ్మను పెద్దది చేసుకునే మీట చూపించాను. పదును ఉన్న అంచుల మీద ఎర్ర గీతలు వచ్చేలా పెట్టాను. ఎదురుగా అమ్మ కనకాంబరాలు మాల కడుతోంది. ఆయన ఎడమ చేత్తో లెన్సు రింగును అటూ ఇటూ మెల్లగా తిప్పారు. చాలాసేపు నొక్కలేదు. ఎర్ర గీత అమ్మ కళ్లజోడు ఫ్రేము మీది నుంచి కనురెప్ప మీదికి జరిగాక నొక్కారు. తెర మీద పెద్దది చేసి చూపించాను. రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. ఆయన ఏమీ అనలేదు, ఇంకో ఆరు తీశారు.

భాద్రపదంలో డబ్బు లెక్కకు కూర్చున్నాను. అన్నీ అమ్మేసి కొత్త లెన్సులతో సహా మారడం ఒక దారి. పాతవాటికి ఒక దుకాణంలో చెప్పిన ధర విని ఆ దారి అక్కడే వదిలేశాను. అలాగే ఉండిపోవడం రెండో దారి. కానీ 2015 బాడీ షట్టరు కంపెనీ పరీక్షించిన లక్షా యాభై వేల లెక్కను ఎప్పుడో దాటింది. ఈ సీజనో వచ్చే సీజనో దానికి ఎలాగూ ఖర్చు తప్పదు. 1959లో మొదలైన ఎఫ్ మౌంట్‌లో 2020లో వచ్చిన డి780, డి6ల తరువాత నికాన్ కొత్త డీఎస్ఎల్ఆర్ తీసుకురాలేదు. అరిగిన షట్టరు బాగుచేయించడం కంటే ఆ డబ్బును ముందుకు పోయే దానిమీద పెట్టడమే సబబనిపించింది.

2018 నాటి మొదటి జెడ్6 చవకగా దొరుకుతోంది కానీ దాంట్లో కార్డు చోటు ఒక్కటే. పెళ్లి మళ్లీ జరగదు. రెండు కార్డుల్లో పడని ఫొటో నాకు పడినట్టు కాదు. 2024లో వచ్చిన మూడో తరం సెన్సరును చాలా వేగంగా చదువుతుంది, చారల బాధ బాగా తగ్గుతుంది. దాని ధర మాత్రం నా లెక్కలో కూర్చోలేదు. పైగా నా పుస్తకంలోని ఫోకస్ గడికి రెండో తరమే చాలు. 2015 బాడీ అమ్మేశాను. ఒక జెడ్6 రెండో తరం బాడీ, ఒక అడాప్టర్ కొన్నాను. కొత్త లెన్సు ఒక్కటీ కొనలేదు.

ఇప్పుడు కొత్త బాడీ మీద 70-200 ఉంటుంది. గౌరీపూజ, తలంబ్రాలు, అప్పగింతలు దాంతోనే తీస్తున్నాను. మిగిలిన డి750కి 24-70, ఫ్లాష్ బిగించి వేదిక మీది గ్రూపులకు వాడుతున్నాను. జీలకర్రా బెల్లం సమయానికి ఇంకా డి750నే నమ్ముతున్నాను. మైనస్ 2 పెట్టిన ఆ బాడీలో 85 కూడా హాయిగా పనిచేస్తోంది. పెళ్లి లేని రోజుల్లో ఆ లెన్సు, అడాప్టర్, కొత్త బాడీ నాన్నగారి బల్ల మీద ఉంటాయి.

కార్తీకంలో రెండు పెళ్లిళ్లు అయ్యాక పుస్తకం మళ్లీ తెరిచాను. ఫ్రేము అంచున ఫోకస్ తప్పినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉన్నాయి. కళ్లు మూసుకున్నవి, అడ్డం వచ్చినవి ఎప్పటిలాగే ఉన్నాయి. అయితే పెళ్లికూతురికి బదులు వెనకనున్న పేరంటాలి కంటి మీదో, పంతులుగారి కంటి మీదో ఫోకస్ పడినవి కొన్ని కనిపించాయి. వాటిని ఏ గడిలో వేయాలో తెలియక నాన్నగారిని అడిగాను. ఆయన స్కేలు తీసుకుని చివర ఇంకో గడి గీసి, పైన ‘వేరేవారి కన్ను’ అని రాశారు. అందులో ఇప్పటికి పదకొండు ఉన్నాయి.